మా వీధి కాలువ కౌన్సిల్‌లో పాసై ఎనిమిది నెలలైంది, తర్వాత ఏం చేయాలి?

పదకొండో వార్డు:

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల్లో ఒక మున్సిపాలిటీ మాది. ఊరి పేరు చెప్పను, చెబితే సాయంత్రానికల్లా మా కౌన్సిలర్ గారి చెవిన పడుతుంది.

మా వీధికి కాలువ లేదు. ఉంది గానీ, మా నాన్న చిన్నప్పుడు ఇటుకలతో కట్టింది, సగానికి పైగా పూడిపోయింది, గట్టి వాన పడితే నీళ్ళు మా గుమ్మం రెండో మెట్టు దాకా వస్తాయి. పోయిన ఏడాది వీధివాళ్ళం పద్దెనిమిది ఇళ్ళ సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రెండు నెలలకి కౌన్సిల్ అజెండాలో మా పని కనపడింది! కౌన్సిలర్ గారే పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో ఉన్నది ఉన్నట్టు దింపుతున్నా:

"అంశం నెం. 31. 11వ వార్డు, ............ గారి ఇంటి నుండి మెయిన్ డ్రెయిన్ వరకు సి.సి. డ్రెయిన్ నిర్మాణమునకు తయారుచేసిన రూ. 4.85 లక్షల అంచనా, సాధారణ నిధుల నుండి చేపట్టుటకు, కౌన్సిల్ వారి ఆమోదము నిమిత్తము."

చుక్కలు పెట్టిన చోట ఉన్నది మా తాతగారి పేరు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది, మున్సిపాలిటీ లెక్కలో మాత్రం ఇల్లు ఇంకా ఆయనదే. మా నాన్న ఆ లైను ఫోన్‌లో పెద్దది చేసుకుని మూడుసార్లు చదువుకున్నారు.

మర్నాడు పేపర్లో "అజెండాలోని అన్ని అంశాలకు ఆమోదం" అని వచ్చింది. వీధిలో లడ్డూలు పంచాం కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఎనిమిది నెలలైంది, తట్ట మట్టి ఎత్తలేదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని అడిగితే "ఫైలు పైన ఉంది" అంటారు. ఆఫీసుకి ఉన్నదే ఒక్క అంతస్తు, ఇంకా పైన ఎక్కడ? కౌన్సిలర్ గారేమో "నేను పాస్ చేయించా కదా, ఇక నా చేతుల్లో ఏముంది" అంటారు.

తెలిసినవాళ్ళు చెప్పండి. పాసయ్యాక ఇంకా ఏముంటుంది? ఈ మీటింగులకి మామూలు జనం వెళ్ళి కూర్చోవచ్చా, మాట్లాడనిస్తారా? ఇంకోటి, మా కౌన్సిలర్ గారు "టేబుల్ అజెండా" అనే మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేస్తారు, అదేంటసలు?

పాత గుమాస్తా:

బాబూ, ముప్పై ఏళ్ళ పైచిలుకు మున్సిపల్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్ళు కౌన్సిల్ సెక్షనే. అంటే అన్ని సెక్షన్ల నుంచి నోట్లు తెప్పించి అజెండా కట్టడం, మీటింగులో కమిషనర్ వెనక కుర్చీలో కూర్చుని రాసుకోవడం, తర్వాత మినిట్స్ పుస్తకంలోకి (తీర్మానాలు నమోదు చేసే పుస్తకం) ఎక్కించి సంతకాలు తీసుకోవడం. ఈ మూడోదే అసలు కష్టం.

మీరు దింపిన అంశాన్ని మళ్ళీ చదవండి. "అంచనా... ఆమోదము నిమిత్తము" అని ఉంది. అంటే ఆ రోజు కౌన్సిల్ ఒప్పుకున్నది ఇంత ఖర్చుతో ఇలాంటి పని చేయొచ్చు అన్నంతవరకే. మేం దాన్ని పరిపాలన అనుమతి అనేవాళ్ళం. తర్వాత ఇంజనీరింగు వాళ్ళ సాంకేతిక అనుమతి కావాలి, టెండరు పిలవాలి, ఎవరో ఒకరు రావాలి, వచ్చిన రేటుకి ఆమోదం తీసుకోవాలి (చిన్న ఊళ్ళలో ఇది మళ్ళీ కౌన్సిల్‌కే వస్తుంది), కాంట్రాక్టరు డిపాజిట్ కట్టి అగ్రిమెంట్ రాసుకోవాలి, అప్పుడు వర్క్ ఆర్డరు. మీరు లడ్డూలు పంచింది మొదటి మెట్టు దగ్గర. తప్పేం లేదులెండి, కౌన్సిలర్లే అక్కడ పంచేస్తారు.

"ఫైలు పైన ఉంది" అన్న మాటకి మా రోజుల్లో అయితే మూడు అర్థాలు. కమిషనర్ టేబుల్ మీద ఉంది, లేదా జిల్లాలో పెద్ద ఇంజనీరు దగ్గర ఉంది, లేదా బీరువా పైన ఉంది. మూడోదే ఎక్కువ.

అజెండా చదవడానికి ఒక కిటుకు చెబుతా. ఎన్ని అంశాలున్నా చివరి మాట చూడండి చాలు. "ఆమోదము నిమిత్తము" అంటే ఇంకా జరగనిది, అనుమతి అడుగుతున్నారు. "సమాచారము నిమిత్తము" అంటే ప్రభుత్వ ఉత్తర్వు ఏదో వచ్చింది, చదివి ఊరుకోవడమే. అసలు కన్నేసి ఉంచాల్సింది "ఛైర్‌పర్సన్ వారి ముందస్తు అనుమతితో చేపట్టిన పనికి కౌన్సిల్ వారి ఆమోదము" అన్నవాటి మీద. ర్యాటిఫికేషన్ అంటారు. పని అయిపోయింది, డబ్బు ఖర్చయింది లేదా బాకీ పడింది, ఇప్పుడు కాగితం కావాలి. వేసవిలో బోరు మోటారు కాలిపోతే నెలాఖరు మీటింగు దాకా ఎవరు ఆగుతారు, ఆ మాత్రం వెసులుబాటు లేకపోతే ఊరు నడవదు. కానీ పండగ లైటింగులూ, షామియానాలూ, ఫ్లెక్సీలూ, అతిథి మర్యాదలూ కూడా అదే తలుపులోంచి వస్తాయి.

టేబుల్ అజెండా అంటే ముందుగా సభ్యులకి పంపిన పుస్తకంలో లేకుండా మీటింగు రోజున బల్ల మీద పెట్టే అంశాలు. రాత్రి పైపు పగిలిందనుకోండి, పెట్టాల్సిందే, తప్పులేదు. మిగతావి కొన్ని ఉంటాయి. వాటి గురించి మీ కౌన్సిలర్ గొంతు ఎందుకు తగ్గిస్తారో ఆయన్నే అడగండి.

మన మున్సిపల్ చట్టం (1965 నాటిది) ప్రకారం కౌన్సిల్ సమావేశం బహిరంగమే. వెళ్ళి కూర్చోవచ్చు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్ళు కారణం రాయించి జనాన్ని బయటికి పంపే అధికారం కూడా ఉంది. మాట్లాడటం మాత్రం కుదరదు, మీ తరఫున మాట్లాడ్డానికే కదా కౌన్సిలర్‌ని పంపారు. ఒక దండం పెట్టి వెనక బెంచీలో కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. మా కాలంలో బయటివాళ్ళు ఒక్కరు కూర్చున్నా సభ్యుల భాష కాస్త మర్యాదగా ఉండేది.

చెరువుగట్టు:

అంతస్తు జోకు బావుంది బ్రో. మా ఊళ్ళో కాలువ కూడా పాసయ్యింది, కాంట్రాక్టరు తవ్వాడు కూడా, తవ్వి వదిలేశాడు. ఇప్పుడు రెండో మెట్టు దాకా కాదు, ఏకంగా స్కూటర్ అందులో పడింది. నీదే నయం.

మాజీ కౌన్సిలర్:

గుమాస్తా గారు చెప్పినవన్నీ నిజమే, కానీ ఆయన బల్లకి అటువైపు, నేను ఇటువైపు. ఇటువైపు ఎలా ఉంటుందో కూడా వినండి.

2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలు జరిగాయి కదా, అందులో మహిళా సీటు నుంచి గెలిచాను, మధ్యలో సొంత కారణాలతో రాజీనామా చేశాను. మొదటి మీటింగుకి అజెండా పుస్తకం చేతికొచ్చింది ముందురోజు సాయంత్రం. మూడు రోజుల ముందు ఇవ్వాలని తర్వాత తెలిసింది. మీటింగులో సెక్షన్ వాళ్ళు అంశం నంబరు చదవడం, ముందు వరసలో ఒకాయన "ఆమోదం" అనడం, వెంటనే ఇంకో నంబరు. నేను పేజీ తిప్పేలోపు నాలుగు అయిపోతున్నాయి. "ఒక్క నిమిషం ఆగండి" అన్నాను. హాలంతా నావైపే చూసింది, ఏదో పెళ్ళిలో తాళి కట్టే టైముకి లేచి నిలబడ్డట్టు.

మీకు తెలియాల్సింది ఏంటంటే అజెండాలో చాలా వాటికి మేం ఏం చెప్పినా ఫలితం ఒకటే. ఉదాహరణకి ఆస్తి పన్ను. అద్దె విలువ మీద వేసే పన్నుని ఆస్తి మూల విలువ మీదకి మారుస్తూ 2020లోనే రాష్ట్రంలో చట్టం మార్చేశారు. 2021లో అది మా ముందుకి వచ్చేసరికి మాకు మిగిలింది ఎంత శాతం అనే కాస్త జాగా. ఏడాదికి పదిహేను శాతం మించి పెరగదని కమిషనర్ గారు చదివి వినిపించారు. బయటికొస్తే జనం "మీరే పెంచారు" అన్నారు. చెత్త మీద యూజర్ ఛార్జీల సంగతీ అంతే, వేసినప్పుడూ మమ్మల్ని అడిగి వేయలేదు, 2024 చివర్లో తీసేసినప్పుడూ అడిగి తీయలేదు. తిట్లు మాత్రం వార్డులో మాకే.

అలాగని కౌన్సిల్‌లో పనే లేదా అంటే ఉంది. ఏ వీధి ముందు, ఏ వీధి తర్వాత అన్నది అక్కడే తేలుతుంది. మార్కెట్ ఆశీలు (అమ్ముకునేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసే హక్కు) వేలం, మున్సిపల్ కాంప్లెక్స్‌లో షాపుల లీజు పొడిగింపు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల్ని ఇంకో ఏడాది కొనసాగించడం, ఇవే ప్రతి మీటింగులోనూ వచ్చేవి. చదవడానికి నీరసంగా ఉంటాయి, డబ్బంతా వాటిల్లోనే. ఒకసారి టేబుల్ అజెండాగా నాలుగు షాపుల లీజు పొడిగింపు వచ్చింది. అద్దె ఎంతో కాగితంలో లేదు! నేను ఒప్పుకోనన్నాను. "సరేనమ్మా, మీ మాట విన్నాం" అన్నారు. విన్నామంటే సరిపోదు, అసమ్మతి రాసి ఇస్తేనే రికార్డుకి ఎక్కుతుందని ఒక పెద్దాయన చెవిలో చెప్పారు. అజెండా వెనక అట్ట మీదే రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మినిట్స్‌లో "ఒక సభ్యురాలు మినహా" అన్న మూడు మాటలు ఎక్కించడానికి గంటసేపు ఆఫీసులో కూర్చోవాల్సి వచ్చింది. లీజు పొడిగించారు, అది వేరే సంగతి. అద్దె కాలమ్ మాత్రం తర్వాతి మీటింగు నుంచి ఖాళీగా రాలేదు.

మీ కౌన్సిలర్ గారిని మరీ తిట్టుకోకండి. కానీ వదలకండి కూడా. జీరో అవర్‌లో (అజెండాకి ముందు సభ్యులు తమ వార్డు సమస్యలు చెప్పుకునే సమయం) మీ వీధి పేరు ఎత్తమనండి, రాతపూర్వకంగా ప్రశ్న ఇమ్మనండి.

సిమెంటు బస్తా:

చిన్న కాంట్రాక్టర్ని. మీ పని పేరు చూడగానే నవ్వొచ్చింది, ఇలాంటివి కనీసం యాభై చేసుంటా. ఎందుకు మొదలవ్వలేదో నేను ఊహించగలను, ఎవరూ టెండరు వేసుండరు.

4.85 అన్నారు కదా, అందులో జీఎస్టీ కలిపే ఉంటే 18 శాతం తీసేశాక మిగిలేది 4.11. అందులోంచి ఒక శాతం లేబర్ సెస్, ఇసుకకీ కంకరకీ సీనరేజి (ప్రభుత్వానికి కట్టే ఖనిజ రుసుము), బిల్లులో ఇన్‌కమ్ ట్యాక్స్ కోత, ముందే కట్టిన డిపాజిట్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇవన్నీ భరిస్తాం, అలవాటే. అసలు భయం వేరే. "సాధారణ నిధుల నుండి" అని రాశారు చూడండి, అది. అంటే మున్సిపాలిటీ సొంత డబ్బు, పన్నులూ అద్దెలూ. అందులోంచి ముందు కరెంటు బిల్లు పోవాలి, కార్మికుల జీతాలు పోవాలి, ట్రాక్టర్లకి డీజిల్ పోవాలి. మిగిలితే మాకు. పని చేసి ఎం.బుక్ (కొలతల పుస్తకం) రాయించుకుని బిల్లు పెట్టి ఏడాదిన్నర ఎదురుచూసిన సందర్భాలున్నాయి, అప్పు తెచ్చిన డబ్బుకి వడ్డీ నేను కట్టుకుంటూ. అందుకే సాధారణ నిధుల పని అంటే ఇప్పుడు మాలో ఎవరూ టెండరు ఫారం ముట్టరు.

అదే కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులయితే పరిగెత్తుకుంటూ వస్తాం. ఆ డబ్బుని జీతాలకి వాడకూడదు కాబట్టి పనులకే మిగులుతుంది. కాకపోతే అందులో కొంత భాగం మంచినీళ్ళకీ పారిశుధ్యానికీ అని కట్టేసి ఉంటుంది (2021-26 నాటి పదిహేనో సంఘంలో అరవై శాతం), మిగిలినదానికి ఎన్ని వార్డులు నోరు తెరుచుకుని ఉంటాయో మీరే లెక్కేసుకోండి. మీ ఆఫీసుకెళ్ళి టెండరు పిలిచారా, పిలిస్తే ఎన్నిసార్లు, ఎంతమంది వచ్చారు, ఈ మూడే అడగండి. కాలువ ఎప్పుడు అని అడక్కండి, దానికి ఎవరి దగ్గరా జవాబుండదు.

టెక్సాస్ నుంచి:

ఇక్కడ మా ఊరి కౌన్సిల్ మీటింగుకి ఈ మధ్యే మొదటిసారి వెళ్ళాను (డాలస్ పక్కన ఊరు, తెలుగువాళ్ళం బానే ఉన్నాం), అందుకే ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయా. మా వీధి చివర స్టాప్ సైన్ కోసం వెళ్ళాం.

మీ "ఆమోదం ఆమోదం" ఇక్కడా ఉందండోయ్. కన్సెంట్ అజెండా అంటారు. రొటీన్ అంశాలన్నీ, పోయిన మీటింగు మినిట్స్ దగ్గర్నుంచి లారీల కొనుగోలు దాకా, ఒక కట్ట కట్టి ఒకే ఓటుతో కానిచ్చేస్తారు. ఏ మెంబరైనా ఫలానా అంశం బయటికి తీయండి అంటే దాన్ని విడిగా చర్చిస్తారు. నేను వెళ్ళిన రోజు ఆ మొత్తం కట్ట అర నిమిషంలో అయిపోయింది, నేను కుర్చీ వెతుక్కునేలోపే.

తేడా రెండు చోట్ల కనపడింది. ఒకటి, అజెండాలో ఉన్న విషయం మీద జనంలో ఎవరైనా మాట్లాడొచ్చు, 2019లో రాష్ట్ర చట్టంలోనే పెట్టారు. కార్డు మీద పేరు రాసిస్తే మైకు దగ్గరికి పిలుస్తారు, టైమరు పెడతారు. రెండోది, టేబుల్ అజెండా లాంటిది కుదరదు. ముందుగా నోటీసులో పెట్టని విషయం మీద కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు, చర్చించకూడదు కూడా. నిజంగా ఎమర్జెన్సీ అయితే గంట ముందు నోటీసు పెట్టాలి. మా స్టాప్ సైన్ అజెండాలో లేదు కాబట్టి మేము ముగ్గురం మాట్లాడితే మేయరు గారు తలూపి థాంక్స్ చెప్పారంతే. ఒక్క ముక్క జవాబు చెప్పలేదు, అజెండాలో లేనిదాన్ని చర్చించకూడదట! మా ఆవిడ అవమానంగా ఫీలైంది. తర్వాత ఇంజనీరింగు వాళ్ళ నుంచి మెయిల్ వచ్చింది, ట్రాఫిక్ స్టడీ చేస్తామని. స్టడీ ఇంకా నడుస్తోంది. మీ ఎనిమిది నెలలు చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మానేరు ఒడ్డు:

మీరు కాలువ అంటరు, మా దిక్కు మోరీ అంటం, పాట్లు మాత్రం ఒక్కటే. తెలంగాణలో 2019లో కొత్త మున్సిపల్ చట్టం తెచ్చారు. బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలన్నారు, వార్డుకి నాలుగు కమిటీలన్నారు, యువకులకొకటి, మహిళలకొకటి, సీనియర్ సిటిజన్లకొకటి, ఊరి పెద్దమనుషులకొకటి. మా నాయన సీనియర్ సిటిజన్ల కమిటీలో మెంబరు. ఐదేండ్లలో ఆయన్ని మీటింగ్‌కు పిలిచింది రెండుసార్లు, రెండుసార్లూ మొక్కలు నాటించి పంపిండ్రు.

నేను చెప్పేది వేరే ముచ్చట. 2025 జనవరి ఆఖరుకి మా పాలకవర్గం గడువు అయిపోయింది, ప్రత్యేక అధికారి వచ్చారు. అప్పుడు కౌన్సిల్ చేసే పనంతా ఒక్క సంతకం. అరుపులు లేవు, వాకౌట్లు లేవు, జీరో అవర్ లేదు. కొన్ని పనులు తొందరగానే అయినయ్, అబద్ధం ఎందుకు. కానీ మా మోరీ సంగతి ఎవర్ని అడగాల్నో తెల్వలేదు. కౌన్సిలర్ ఉన్నప్పుడు కనీసం ఆయన ఇంటి ముందు నిలబడి తిట్టేటోళ్ళం. మీ పాలకవర్గానికీ ఐదేండ్లే గడువు. ఆలోపే ఏదో ఒకటి చేయించుకోండి, తర్వాత ఫైలు మళ్ళీ మొదటికొస్తది.

పదకొండో వార్డు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. గుమాస్తా గారూ, ఒక్క సందేహం. మినిట్స్ పుస్తకం చూపించమంటే చూపిస్తారా, సమాచార హక్కు చట్టం కింద పెట్టాలా?

పాత గుమాస్తా:

ముందు నోటితో అడగండి. తెలిసిన గుమాస్తా ఎవరైనా ఉంటే టీ తాగే టైములో అడగండి. కుదరకపోతే దరఖాస్తు మీద పది రూపాయల కోర్టు ఫీ స్టాంపు అంటించి ఇవ్వండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, కాపీకి పేజీకి రెండు రూపాయలు. "మా కాలువ ఎందుకు వేయలేదు" అని రాస్తే తిప్పి కొడతారు. ఫలానా తేదీ సమావేశం, అంశం నెం. 31 తీర్మానం నకలు, ఆ పనికి పిలిచిన టెండరు నోటీసుల నకళ్ళు, అని వస్తువు పేరు చెప్పి అడగండి. వెళ్ళి చూసుకుంటామని కూడా అడగొచ్చు, రికార్డు తనిఖీ చేసే హక్కు అదే చట్టంలో ఉంది.

పదకొండో వార్డు:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. కొంచెం పెద్దదే.

పోయిన వారం మీటింగుకి వెళ్ళాను, నాన్నని తీసుకుని. పదకొండు గంటలకన్నారు, పదకొండున్నరకి మొదలైంది. ముందు ఒక మాజీ సభ్యుడికి సంతాపం, అందరూ లేచి నిలబడ్డారు. తర్వాత జీరో అవర్, దాదాపు గంట. అందులో ముప్పావు వంతు కుక్కలే. ఒకావిడ లేచి మా వార్డులో పిల్లాణ్ణి కరిచింది, అన్నిటినీ పట్టి ఊరవతల వదిలేయండన్నారు. కమిషనర్ గారు ఒక కాగితం తీసి చదివారు, 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టుకున్న చోటే వదలాలని. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది, ప్రతి నెలా అదే చదువుతారట. తర్వాత ఒకాయన కుళాయి నీళ్ళని పెప్సీ సీసాలో పట్టుకొచ్చి ఛైర్‌పర్సన్ గారి బల్ల మీద పెట్టారు. రంగు చూస్తే టీ అనుకుంటారు. ఈలోపు సమోసాలొచ్చాయి, మాకూ ఇచ్చారు, నాన్న వద్దన్నారు.

ఇక అజెండా. ముప్పై ఎనిమిది అంశాలు, నా ఫోన్‌లో టైము చూశా, పంతొమ్మిది నిమిషాలు. మా కౌన్సిలర్ గారు మమ్మల్ని చూసి కాస్త కంగారుపడ్డారు గానీ జీరో అవర్ చివర్లో లేచి మా వీధి పేరు ఎత్తారు, మాజీ కౌన్సిలర్ గారు చెప్పమన్నట్టే రాసి కూడా ఇచ్చారు. డీఈ (ఏఈకి పై ఇంజనీరు) గారు లేచి చెప్పిన జవాబు: "రెండుసార్లు టెండరు పిలిచామండి, ఎవరూ పాల్గొనలేదు." సిమెంటు బస్తా అన్నా, మీకు నమస్కారం.

మర్నాడు మినిట్స్ పుస్తకం చూపించారు, స్టాంపు అవసరం పడలేదు. నేను ఏదో చిన్న రిజిస్టరనుకున్నా, పెళ్ళి ఆల్బమ్ అంత ఉంది. టైపు చేసిన కాగితాలు అంటించి, ప్రతి పేజీ కింద సంతకాలు. మాది 31. "ఆమోదించడమైనది. నిధుల లభ్యతను బట్టి చేపట్టుటకు తీర్మానించడమైనది." ఆ రెండో వాక్యం అజెండాలో లేదు, పేపర్లో రాలేదు, మా కౌన్సిలర్ గారికీ తెలీదట. పక్కనే 32 చూశాను, అదీ కాలువే, వేరే వార్డుది, అదే సాధారణ నిధులు. "ఆమోదించడమైనది." అక్కడితో చుక్క. ఆ కాలువ పూర్తయింది, నేను రోజూ దాని మీంచే ఆఫీసుకెళ్తా. ఏ వార్డో చెప్పను, మీరు ఊహించినదే.

నిధులు మార్చి ఆర్థిక సంఘం కింద పెట్టమని కొత్త అర్జీ ఇచ్చాం, ఈసారి ఇరవై రెండు సంతకాలు. వచ్చే అజెండాలో పెడతామన్నారు. ఒక డౌటు మాత్రం ఉంది. ఎలాగూ మళ్ళీ అంశం రాస్తున్నారు కదా, తాతగారి పేరు తీసి నాన్న పేరు రాయమని అడగనా? ఇంటి పన్ను కూడా ఇంకా తాతగారి పేరు మీదే వస్తోంది.

పాత గుమాస్తా:

వద్దు వద్దు! పాత ఎస్టిమేట్‌లో, పాత తీర్మానంలో, రెండు టెండరు నోటీసుల్లో పని పేరు అదే ఉంది. ఇప్పుడు ఒక్క చోట పేరు మారిందంటే ఆడిట్ వాళ్ళు ఇది ఆ పనేనా, వేరే పనా అని రాస్తారు, ఫైలు మళ్ళీ బీరువా ఎక్కుతుంది. ఇంటి పేరు మార్పిడికి కౌన్సిల్ అక్కర్లేదు, రెవెన్యూ సెక్షన్‌లో మరణ ధ్రువీకరణ, వారసత్వం కాగితాలు పెట్టి తీరిగ్గా చేయించుకోవచ్చు. కాలువకి ఆఖరి బిల్లు అయ్యేదాకా మీ తాతగారిని కదపకండి.